ఐదు నిమిషాల మైకు

అంశం చేతికి వచ్చేది 24 గంటల ముందు. మాట్లాడాల్సింది 5 నిమిషాలకు మించకుండా. హిందీ గానీ ఇంగ్లీషు గానీ, ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఎవరి తరవాత ఎవరో చీటీలు తేలుస్తాయి. భారత విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) జరిపే అంతర్‌ విశ్వవిద్యాలయ జాతీయ యువజనోత్సవంలో వక్తృత్వ పోటీకి ఉన్న నిబంధనలు స్థూలంగా ఇవే. డిబేట్‌కైతే జట్టుకు ఇద్దరు. ఒకరు అనుకూలంగా, ఒకరు వ్యతిరేకంగా మాట్లాడాలి. వాళ్లకూ తలా ఐదు నిమిషాలే. కాగితం చూసి చదవడానికి వీల్లేదు.

ఆ ఐదు నిమిషాల దాకా వెళ్లే దారి మాత్రం చాలా పొడుగు. ముందు కాలేజీలో నెగ్గాలి. తరవాత యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలన్నిటి మధ్య ఎంపిక ఉంటుంది. ఆపైన జోన్‌. ఆ గడప కూడా దాటితేనే జాతీయ స్థాయి. దేశంలో విద్యార్థులకు ఇలాంటి వేదిక మొదట 1954లో ఢిల్లీ తాల్కటోరా గార్డెన్స్‌లో జరిగిన యువజనోత్సవంతో ఏర్పడింది. ఇప్పుడు వేదికలు పెరిగాయి. కేంద్ర యువజన వ్యవహారాల శాఖ 2019లో మొదలుపెట్టిన జాతీయ యువ పార్లమెంటు ఉత్సవంలో 18 నుంచి 25 ఏళ్ల వాళ్లు జిల్లా, రాష్ట్రం, దేశం అనే మూడు మెట్లు ఎక్కుతూ పోటీ పడతారు. తొలి ఏడాది మొదటి బహుమతి 2 లక్షల రూపాయలు. 2025లో అదే పోటీ ‘వికసిత్‌ భారత్‌ యువ పార్లమెంటు’ పేరుతో వచ్చింది. తొలి మెట్టే మారిపోయింది: ‘మై భారత్‌’ పోర్టల్‌లో ఒక్క నిమిషం వీడియో పెట్టాలి. ఆ ఒక్క నిమిషం నచ్చితేనే మైకు ముందుకు పిలుపు.

ఈ పోటీలకు హైదరాబాద్‌ తూర్పు కొసన, దిల్‌సుఖ్‌నగర్‌, ఎల్బీనగర్‌లో ఉంటూ తయారవడమంటే ఏమిటో చూద్దాం.

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి విజయవాడ హైవే మీద వచ్చే బస్సులకు నగరంలో పెద్ద మజిలీ ఎల్బీనగర్‌. దేవరకొండ, నాగార్జునసాగర్‌ వైపు నుంచి వచ్చేవాళ్లకూ అంతే. బ్యాగుతో దిగిన పిల్లలు అక్కడి నుంచి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్‌ సందుల్లోని హాస్టళ్లలోకి సర్దుకుంటారు. ఆ సందుల్లో ఏ గోడ మీద చూసినా బోర్డులే. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్‌, డీఎస్సీ, సాఫ్ట్‌వేర్‌ కోర్సులు, వాటి మధ్య స్పోకెన్‌ ఇంగ్లీష్‌. డిగ్రీ కాలేజీలున్నాయి, ఎల్బీనగర్‌లోనే మహాత్మాగాంధీ లా కాలేజీ ఉంది. పొద్దున కోచింగు, పగలు కాలేజీ, సాయంత్రం లైబ్రరీ అన్నట్టు నడిచే ఈ ప్రపంచంలో స్పీచ్‌ టీమ్‌ అంటే నలుగురైదుగురు విద్యార్థులు, తీరిక చేసుకుని ఉండిపోయే ఒక లెక్చరర్‌, క్లాసులు అయిపోయాక ఖాళీగా దొరికే ఒక గది.

ఇక్కడి పిల్లలు ఇంగ్లీషు రాక వెనకబడుతున్నారన్న మాట తరచూ వినిపిస్తుంది. అది సగమే నిజం. రెండో సగం ఇంకా ముఖ్యమైంది. తమ దగ్గర ఉన్న అసలు సరుకును వాళ్లు స్టేజీ ఎక్కించరు. ఊరు, కాలనీ, ప్రయాణం, ఇంట్లో విన్న మాట ఇవన్నీ పోటీకి పనికిరావనుకుని గూగుల్‌లో దొరికిన కొటేషన్లతో స్పీచ్‌ నింపేస్తారు. మంచి శిక్షణ మొదట చేయాల్సింది ఈ అలవాటు మాన్పించడం.

ఏ భాషలో?

ఉచ్చారణకూ ధైర్యానికీ ముందు వచ్చే చిక్కు భాష. తెలుగులో అద్భుతంగా మాట్లాడే అమ్మాయికి ఏఐయూ వక్తృత్వంలో తెలుగు అవకాశం లేదు. హిందీ తీసుకుందామంటే అక్కడా ఒక మెలిక ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో మాట్లాడుకునే హిందీ దక్కనీ. ‘నక్కో’, ‘హౌ’ అంటూ హాయిగా సాగిపోయే ఆ భాషలో ‘నే’ ప్రత్యయం ఉండదు, స్త్రీలింగ పుంలింగాల పట్టింపు కూడా అంతంతే. భోపాల్‌ నుంచో వారణాసి నుంచో వచ్చిన న్యాయనిర్ణేత ముందు ఆ హిందీ తప్పుల తడకగా కనిపిస్తుంది. అది తప్పు కాదు, వేరే భాషారూపం. కానీ మార్కుల షీటుకు ఆ సంగతి పట్టదు. అందుకే ఇక్కడి టీములు ఎక్కువగా ఇంగ్లీషు వైపే మొగ్గుతాయి.

ఈ చిక్కు ఈనాటిది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌ నుంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్‌ మీదుగా కోఠీ వైపు వెళితే వివేకవర్ధిని విద్యాసంస్థ వస్తుంది. 1921 నవంబరులో ఆ ప్రాంగణంలోని థియేటర్‌లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ప్రసంగాలు సాఫీగా నడిచిపోయాయి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో ఎగతాళి, గోల. ఆయన్ని మాట్లాడనివ్వలేదు. నిజాం రాష్ట్ర జనంలో తెలుగువాళ్లే పెద్ద భాగం, అయినా రాజధాని సభలో తెలుగు చెల్లలేదు. ఆ అవమానం భరించలేని కొద్దిమంది వెంటనే టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘమే పెరిగి 1930లో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, తొలి ఆంధ్రమహాసభ అయింది. గ్రంథాలయాలు, బడులు, ఆపైన పెద్ద ప్రజా ఉద్యమం అన్నీ ఆ దారిన వచ్చినవే. ఒక మనిషిని మైకు ముందు నోరు మూయిస్తే చరిత్ర ఎంత దూరం వెళ్లిందో తెలంగాణకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కాబట్టి టీముకు లెక్చరర్‌ పెట్టాల్సిన మొదటి నియమం ఇదీ: పోటీ ఏ భాషలో అయినా, ఆలోచన మాత్రం తెలుగులో. అంశం వచ్చిన మొదటి గంట ఇంగ్లీషు ముట్టుకోవద్దు. తోటివాడికి చెప్పినట్టు, ‘‘అసలు విషయం ఏందంటే అన్నా...’’ అంటూ చెప్పాలి. ఫోన్‌లో రికార్డు చేయాలి. అలా చెప్పినప్పుడు ఏ ముక్క సహజంగా ముందుకొచ్చిందో అదే ప్రసంగానికి వెన్నెముక. దాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లడం తరవాతి పని. మొదటే ఇంగ్లీషులో రాసేవాళ్లు తమకు వచ్చిన వాక్యాలకు తగిన ఆలోచనలు వెతుక్కుంటారు. తెలుగులో మొదలుపెట్టినవాళ్లు ఆలోచనకు తగిన వాక్యం కోసం వెతుకుతారు. వినేవాళ్లకు ఈ తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

కోదండరాంనగర్‌ నీళ్లు

ఒక అంశాన్ని దగ్గరగా చూద్దాం. ‘వాతావరణ మార్పు, నగరాల భవిష్యత్తు’ అని వచ్చిందనుకోండి. ఇలాంటివి ఏ పోటీలోనైనా వచ్చేవే. కొత్త విద్యార్థి రాసుకొచ్చే మొదటి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: వాతావరణ మార్పు నేడు మానవాళి ఎదుర్కొంటున్న అతిపెద్ద సవాలు. రెండో పేరాలో ధ్రువాల మంచు, మూడో పేరాలో అమెజాన్‌ అడవులు, చివర ఒక మహానుభావుడి సూక్తి. జోన్‌లో ఇరవై మంది మాట్లాడితే పదిహేను మంది ఇదే చెబుతారు. పదహారో నంబరు చీటీ వచ్చినవాడి పరిస్థితి ఊహించండి.

ఇప్పుడు ఆ విద్యార్థి సరూర్‌నగర్‌ చెరువు గట్టు దాకా నడవాలి. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు అది. దాని దిగువన కోదండరాంనగర్‌, పీ అండ్‌ టీ కాలనీ ఉన్నాయి. 2020 అక్టోబరు 13న మొదలైన వాన తెల్లారేసరికి బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటింది. అక్టోబరులో ఒక్క రోజులో అంత వాన నగరం చాలా దశాబ్దాలుగా చూడలేదు. చెరువు దిగువ కాలనీలు నీటిలో మునిగాయి. వీధుల్లో పడవలు తిరిగాయి.

ప్రసంగం అక్కడ మొదలవ్వాలి. కానీ అక్కడ ఆగిపోకూడదు. తరవాత వచ్చే ప్రశ్న అసలైనది: చెరువు ముందా, కాలనీ ముందా? చెరువే ముందు. మరి నీళ్లు వెళ్లే దారి ఏమైంది? ఎల్బీనగర్‌, గడ్డిఅన్నారం 2007 దాకా వేరే మున్సిపాలిటీలు. ఆ ఏడాది ఏప్రిల్‌లో చుట్టుపక్కల మున్సిపాలిటీలతో కలిసి జీహెచ్‌ఎంసీ అయ్యాయి. ఒక నగరం ఇంత వేగంగా పెరిగినప్పుడు ప్లాట్లకు వచ్చినంత తొందరగా నాలాలు రావు. ఇలా సాగితే ధ్రువాల మంచు కూడా ప్రసంగంలోకి వస్తుంది. అయితే అరువు తెచ్చుకున్న మాటలా రాదు, ఒక కారణంగా వస్తుంది. వాన ఎందుకు ముదురుతోందన్నది ప్రపంచం సంగతి, ఆ వాన ఇంట్లోకి ఎందుకు వచ్చిందన్నది మన సంగతి. ఆ రెండిటినీ కలిపి ఐదు నిమిషాల్లో చెప్పగలిగిన విద్యార్థిని న్యాయనిర్ణేతలు గుర్తుంచుకుంటారు.

ఇదే ప్రాంతంలో అలాంటి సరుకు ఎంత కావాలంటే అంత. అభివృద్ధి ఎవరి కోసమన్న అంశం వస్తే కొత్తపేట పండ్ల మార్కెట్‌ ఉంది. 2021లో మూతపడి బాటసింగారం తరలిపోయిన ఆ మార్కెట్‌ జాగాలో ఆస్పత్రి కడుతున్నారు. హమాలీ వైపు నుంచి ఒకరు, రోగి వైపు నుంచి ఒకరు వాదిస్తే డిబేట్‌ టీముకు అంతకంటే మంచి సాధన దొరకదు, ఎందుకంటే రెండు వైపులా నిజమే ఉంది. ప్రజారవాణా మీద అయితే 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌ దాకా తెరుచుకున్న మెట్రో ఉంది. ఆడపిల్లల చదువు మీద అయితే 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణం ఉంది. చిక్కడపల్లి లైబ్రరీకో, ఆదివారం ఆబిడ్స్‌ పాత పుస్తకాల బజారుకో వెళ్లడానికి చార్జీ లెక్క చూసుకునే అవసరం లేని అమ్మాయి, ఆ మాటను తన సొంత గొంతుతో చెబితే ఆ వాదనకు తిరుగేముంది?

లెక్కలు వాడటంలోనూ ఒక పద్ధతి అలవాటు చేయాలి. ఒక ప్రసంగంలో రెండు మూడు అంకెలు చాలు. ప్రతి అంకె వెనక అది ఎక్కడిదో వక్తకు తెలిసుండాలి. వాట్సాప్‌లో వచ్చింది పనికిరాదు. ఎవరైనా ‘‘ఇది నీకెట్ల తెలుసు?’’ అని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన అంకెనే ఉంచుకోవాలి.

అడ్డం పడేవాడు కావాలి

సాధన ఎలా? ఇందుకు తెలుగువాళ్లకు సొంత సంప్రదాయం ఉంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి పద్యం చెప్పమంటారు, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు. వీళ్లందరి మధ్య అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఒకరు. అవధాని ఏకాగ్రత చెదరగొట్టడమే ఆయన పని. నవ్విస్తాడు, సంబంధం లేని ప్రశ్న వేస్తాడు. అవధాని ఆయనకు జవాబు చెప్పి, వదిలిన చోటే పద్యం అందుకోవాలి.

స్పీచ్‌ టీములో అచ్చం అలాంటి మనిషి ఒకరుండాలి. మూడో నిమిషంలో ఫోను మోగించాలి. ముందు వరుసలో కూర్చుని ఆవలించాలి. తలుపు తీసుకుని వచ్చి ‘‘మేడం పిలుస్తున్నరు’’ అనాలి. వక్త ఆగకుండా, కంగారు పడకుండా, విసుక్కోకుండా వాక్యం పూర్తి చేయాలి. తెలియని హాలులో, కరెంటు పోయినప్పుడు, మైకు కీచుమన్నప్పుడు ఈ సాధనే ఆదుకుంటుంది.

అమెరికాలో కాలేజీ స్పీచ్‌ టీములకు ప్రత్యేకంగా జాతీయ టోర్నమెంటు ఉంది. 1970ల చివర మొదలైన ఆ పోటీల్లో ఇంప్రాంప్టు అనే విభాగానికి ఆలోచించడానికీ మాట్లాడటానికీ కలిపి ఏడు నిమిషాలు. ఎక్స్‌టెంప్‌ విభాగంలో వర్తమాన వ్యవహారాల మీద మూడు ప్రశ్నల్లో ఒకటి ఎంచుకుని, 30 నిమిషాల్లో సిద్ధమై ఏడు నిమిషాల లోపు మాట్లాడాలి. మన టీములు ఈ రెండూ అరువు తెచ్చుకోవచ్చు. రోజూ పేపరులో మూడు హెడ్డింగులు కత్తిరించి డబ్బాలో వేయడం, ఒకటి తీసి అరగంటలో తయారవడం. నెల రోజులు ఇలా చేసినవాళ్లకు పోటీలో దొరికే 24 గంటలు ఎంతో విశాలంగా కనిపిస్తాయి.

ఆ 24 గంటల్లో కూడా అతి పెద్ద పొరపాటు రాత్రంతా మేలుకుని కంఠస్థం చేయడం. ఇంటర్‌ దాకా బట్టీ మీదే నెగ్గుకొచ్చిన పిల్లలకు ఇది వదులుకోవడం చాలా కష్టం. బట్టీ పట్టిన ప్రసంగంలో ఒక్క మాట జారితే మొత్తం ఆగిపోతుంది. కళ్లు పైకి తిరుగుతాయి, పోయిన మాట సీలింగు మీద రాసున్నట్టు. మేలైన పద్ధతి ఏమిటంటే మొదటి మూడు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రమే కచ్చితంగా నోటికి రావాలి. మధ్యది నాలుగు మెట్లుగా గుర్తుండాలి. ప్రతిసారీ మాటలు కొద్దిగా మారినా ఫరవాలేదు, మెట్లు మారకూడదు.

నిడివి సంగతి. తొందరపడకుండా మాట్లాడితే ఇంగ్లీషులో ఐదు నిమిషాలకు ఆరువందల మాటలు, ఇంకో యాభై. తెలుగు మాటలు పొడుగు కాబట్టి అంతకు చాలా తక్కువే పడతాయి. సాధనలో నాలుగున్నర నిమిషాలకు తయారు చేసుకున్నవాళ్లే స్టేజీ మీద నిదానంగా ఉండగలరు. ఆ మిగిలిన అర నిమిషం ఆగడానికి. పెద్ద మాట చెప్పాక హాలు దాన్ని అందుకునే వ్యవధి ఇవ్వాలి. మన పిల్లలకు మాట్లాడటం త్వరగా వస్తుంది, ఆగడం నెమ్మదిగా వస్తుంది. స్క్రిప్టులో ఆగాల్సిన చోట ఎర్ర పెన్నుతో గీత పెట్టించి, అక్కడ మనసులో రెండు లెక్కపెట్టించే లెక్చరర్లు దీని విలువ తెలిసినవాళ్లు.

యాస గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. సూర్యాపేట యాసలో ఇంగ్లీషు మాట్లాడితే తప్పేమీ లేదు. వినేవాళ్లకు మాట స్పష్టంగా అందుతోందా లేదా అన్నదే చూడాలి. అరువు యాస పెట్టుకున్న విద్యార్థి మనసు సగం నాలుక మీదే ఉంటుంది, ఇక వాదన మీద ఏముంటుంది? ఎస్‌.జైపాల్‌రెడ్డి నల్లగొండ జిల్లాలో పుట్టి, ఉస్మానియాలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివారు. పోలియో వల్ల ఊతకర్రలతో నడిచే ఆయన లేచి నిలబడితే లోక్‌సభ వినేది. 1998కి ఉత్తమ పార్లమెంటేరియన్‌ పురస్కారం అందుకున్నారు. ఆయన ఇంగ్లీషును దేశం గౌరవించింది అందులోని ఆలోచన పదును చూసి. ఎల్బీనగర్‌లో బస్సు దిగే ప్రతి పిల్లాడికీ ఈ పేరు తెలియాలి.

పెద్ద వేదికకు ముందు చిన్న వేదిక ఎందుకు కావాలో చెప్పే ఘట్టం కూడా ఈ నగరంలోనే ఉంది. 1893 సెప్టెంబరులో షికాగో సర్వమత సభలో మాట్లాడటానికి ఏడు నెలల ముందు, ఫిబ్రవరి 13న, వివేకానందుడు సికింద్రాబాద్‌ మహబూబ్‌ కాలేజీలో ప్రసంగించారు. తన పాశ్చాత్య యాత్ర ఉద్దేశమే ఆనాటి అంశం. వెయ్యి మంది దాకా వచ్చారు. అప్పటికి ఆయన ఎక్కువగా ఇళ్లలో, చిన్న గోష్ఠుల్లో మాట్లాడుతూ వచ్చినవారు. ఇంగ్లీషులో పెద్ద సభ ముందు నిలబడి తన మాట ఎంత దూరం చేరుతుందో చూసుకునే అవకాశం ఆ రోజు దొరికింది. కాలేజీ టీములకు అలాంటి సభలు కావాలి. పక్క కాలేజీ సెమినార్‌ హాలు, కాలనీ సంక్షేమ సంఘం సమావేశం, గణేశ్‌ మండపం దగ్గర సాయంత్రం, హాస్టల్‌ మెస్‌ ఏదైనా సరే. తనను ఎరగని యాభై మంది ముందు ఒక్కసారి మాట్లాడితే, స్నేహితుల ముందు పదిసార్లు మాట్లాడినదానికంటే ఎక్కువ నేర్చుకుంటారు.

ఓడిన వాళ్లను ఏం చేస్తారు?

కాలేజీలు నిర్లక్ష్యం చేసే విషయం ఇది. ఎంపికలో ఒక్కరు నెగ్గితే మిగతావాళ్లు మర్నాటి నుంచి రారు. నెగ్గిన విద్యార్థి ఒంటరిగా తయారవుతుంది. ఆమె డిగ్రీ అయిపోగానే టీము కూడా అయిపోతుంది, మళ్లీ ఏడాది మొదటి నుంచి మొదలు.

దీనికి విరుగుడు ఉన్న పోటీ ఒకటుంది. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966 నుంచి ఢిల్లీ బడుల్లో, 1997 నుంచి దేశంలోని విశ్వవిద్యాలయాలు, కాలేజీల్లో యువ పార్లమెంటు పోటీలు నడుపుతోంది. అందులో ఒక్కరు మెరిస్తే సరిపోదు. స్పీకర్‌, మంత్రులు, ప్రతిపక్ష నేత, మార్షల్‌ దాకా సభ మొత్తం కావాలి. ప్రమాణ స్వీకారం, సంతాప తీర్మానం, ప్రశ్నోత్తరాలు, బిల్లు మీద చర్చ అన్నీ గంటలోపు పద్ధతి ప్రకారం జరగాలి. ప్రసంగం ఎంత బాగున్నా సభామర్యాద తప్పితే మార్కులు పోతాయి. అనుబంధ ప్రశ్న అడిగే విద్యార్థి అవతలివాళ్ల జవాబు నిజంగా విని ఉండాలి. వినడం నేర్పే పోటీలు మనకు చాలా తక్కువ, అందుకే దీనికి ఇంత విలువ.

వక్తృత్వ టీమును కూడా ఇలాగే నడపొచ్చు. ఎంపిక కాని ఇద్దరు పరిశోధన చూస్తారు: ఒకరు అంకెలు సరిచూస్తారు, ఒకరు ప్రత్యర్థి వైపు నుంచి వాదన రాస్తారు. ఇంకొకరు టైము చూస్తూ వీడియో తీస్తారు. మొదటి ఏడాది పిల్లలు అప్రస్తుత ప్రసంగులు. జోన్‌కు వెళ్లొచ్చిన విద్యార్థి అక్కడ విన్న మంచి ప్రసంగాల గురించి తిరిగొచ్చాక టీము ముందు చెప్పాలి: ఎవరెలా మొదలుపెట్టారు, న్యాయనిర్ణేతలు ఎక్కడ తలెత్తి చూశారు, తను ఎక్కడ తడబడింది. అది నోటుపుస్తకంలో ఎక్కాలి, వచ్చే ఏడాది టీము చేతికి అందాలి.

ఇందుకు కాలేజీకి పెద్ద ఖర్చేం లేదు. సాయంత్రం రెండు గంటలు ఒక గది తాళం తీసి ఉంచాలి. లెక్చరర్‌కు ఆ సమయం టైంటేబుల్లో పనిగా లెక్క కట్టాలి. ప్రయాణానికి వెళ్లినప్పుడు హాజరు పోకుండా చూడాలి, ఎందుకంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌ మీద చదివే పిల్లలకు హాజరు శాతమంటే గుబులు. రైలు టిక్కెట్లు ముందే తీసి ఇవ్వాలి, తరవాత బిల్లు పెట్టుకోమంటే తండ్రిని అడగలేక పేరే ఇవ్వని పిల్లలున్నారు. యూనివర్సిటీలు ఇంకో అడుగు వేసి, జాతీయ వక్తృత్వంలో హిందీ, ఇంగ్లీషుతో పాటు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటికీ చోటు ఇవ్వాలని ఏఐయూను అడగాలి. అనువాదకులను పెట్టడం ఇవాళ పెద్ద పనేం కాదు. పార్లమెంటులో సభ్యులు తెలుగులో మాట్లాడుతున్నారు, వాళ్ల మాటను అప్పటికప్పుడు అనువదించి వినిపిస్తున్నారు. ఎంపీలకు ఉన్న ఆ వీలు, రేపు ఎంపీలు కావాల్సిన విద్యార్థులకు కూడా ఇవ్వాలి.